తలుపు గడియకు తువ్వాలు

రత్నం వస్తున్నానని ఫోన్ చేయగానే నాకు ముందుగా వాళ్ళింటి తలుపు గుర్తొచ్చింది. ముఖం ఆ తర్వాత ఎప్పటికో వచ్చింది. ఆకుపచ్చ రంగు వేసిన కంపెనీ తలుపు, దానికి ఇనుప గడియ, ఆ గడియకు ముడేసిన ఎర్రగళ్ళ తువ్వాలు. మేమిద్దరం చూసుకుని యాభై ఏళ్ళు కావస్తోంది. విజయనగరంలో ఉంటోందని, బట్టలు కుట్టే దుకాణం పెట్టిందని వాళ్ళ ద్వారా వీళ్ళ ద్వారా వింటూనే ఉన్నాను గాని, నా అంతట నేను ఒక్కసారీ పలకరించలేదు. సిగ్గు. ఆ సిగ్గు సంగతి ఎప్పుడో ఒకప్పుడు రాయాలనుకుంటూ ఇన్నాళ్ళు వాయిదా వేశాను. "పద్దూ, ఒకపాలి కిరండూల్ సూడాలనుందే. నువ్వొత్తావేటి నాతోటి?" అంది ఫోన్లో, నిన్నగాక మొన్న విడిపోయినట్టు. నేను బచేలీలో ఉంటున్నాను. ముప్పై ఏళ్ళు ఇక్కడి హిందీ బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మేమిద్దరం పెరిగిన ఇనుప గనుల ఊరు కిరండూల్ ఇక్కడికి దగ్గరే. అయినా మా పాత క్వార్టర్ల వైపు నేను వెళ్ళి చాలా ఏళ్ళయింది. వస్తానన్నాను.

మా నాన్న కొండ మీద గనిలో షావెల్ అనే తవ్వే యంత్రం నడిపేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి రైలెక్కి వచ్చినవాళ్ళలో ఒకడు. మాది వరసకు ఎనిమిది ఇళ్ళున్న క్వార్టర్లలో ఐదోది, రత్నం వాళ్ళది ఆరోది. రెండిళ్ళకూ వంటింటి గోడ ఒకటే. ఇల్లు కంపెనీది, బడి కంపెనీది, ఆస్పత్రి కంపెనీది, నాన్న ఎక్కే బస్సు కంపెనీది. ఇంట్లో బల్బు మాడిపోయినా కంపెనీ మనిషే వచ్చి మార్చాలి. ఎవరితోనైనా మాటా మాటా వచ్చిందంటే, మర్నాడు అదే బస్సులో ఆ మనిషి పక్కనే కూర్చోవాలి. అందుకని పెద్దవాళ్ళు గొడవలు పడేవారు కారు, అన్నీ మింగేసేవారు. అమ్మ నాన్న యూనిఫాంని వేరే బకెట్లో నానబెట్టేది, నీళ్ళు ఇటుక రంగుకి తిరిగేవి. ఆ ఎర్ర దుమ్ము మా పప్పులో, పక్కబట్టల్లో, మా చెవుల వెనక ఉండేది. మా వీధిలో సాయంత్రం పూట వేగే ఎండుచేపల వాసనతో పాటు, ఎండాకాలం సంత నుంచి వచ్చే ఇప్పపూల తియ్యటి కుళ్ళు వాసన కూడా కలిసేది. 

అన్నిటికంటే ఎక్కువగా గుర్తున్నది మా వీధి నిశ్శబ్దం. మూడు షిఫ్టుల ఊరు మాది. ఏ పూట చూసినా వరసలో ఎవరో ఒకరు నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకునే ఉంటారు. ఎవరు మొదలెట్టారో తెలీదు, పడుకునే మనిషి ఇంటి గడియకు ఒక తువ్వాలు కట్టేవారు. తువ్వాలుందంటే ఆ తలుపు కొట్టకూడదు, ఆ ఇంటి ముందు ఆడకూడదు, పిలవకూడదు. మా అమ్మ కుక్కరు విజిల్ వెయ్యబోయే ముందు అట్లకాడతో బరువు పైకెత్తి పట్టుకునేది. రుబ్బే పని ఉంటే పప్పు గిన్నె వరస చివరింటి రోలు దగ్గరికి మోసుకెళ్ళేది. మేము తొక్కుడుబిళ్ళ కూడా సైగలతో ఆడేవాళ్ళం. గట్టిగా నవ్వితే ఏ ఇంటావిడైనా సరే వచ్చి తొడపాశం పెట్టే హక్కు ఉండేది. బయటి ఊళ్ళవాళ్ళు వస్తే మా ఆడవాళ్ళు గర్వంగా చెప్పుకునేవారు, మా వీధిలో పిల్లలు ఎంత బుద్ధిమంతులో అని. నేనూ గర్వపడ్డాను. కాలి చప్పుడు లేకుండా నడవడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

రత్నం వాళ్ళ నాన్న సూర్యనారాయణ మావయ్య డోజర్ ఆపరేటరు. రత్నానికి ఎనిమిదో ఏట వాళ్ళమ్మ పచ్చకామెర్లతో పోయింది. "కూతురి కోసం మళ్ళీ పెళ్ళి సేసుకోలేదు, దేవుడు లాంటి మనిషి" అని మా వీధంతా ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. పండగొస్తే ఎనిమిదిళ్ళ నుంచీ గిన్నెలు వాళ్ళింటికి నడిచేవి. ఆయన క్యాంటీన్ నుంచి మాకు పిప్పరమెంట్లు తెచ్చేవాడు. నాకు రెండు ఇచ్చేవాడు, పొరుగింటి పిల్లనని. ఆ పిప్పరమెంట్ల రుచి ఎంత బాగుండేదో రాయాలంటే నాకిప్పుడు ఒళ్ళు మండుతుంది. తన పిల్లకి చెయ్యి పైకెత్తే మనిషి పక్కింటి పిల్లకి పిప్పరమెంట్లు తెస్తాడని పన్నెండేళ్ళ దానికి ఎవరు చెప్తారు?

వానాకాలంలో ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చి వంటింట్లో గోడకి ఆనుకుని బియ్యంలో రాళ్ళేరుతున్నాను. గోడవతల తడిబట్టలు బాదుతున్న చప్పుడు. రత్నం బట్టలు ఉతుకుతోందనుకున్నాను. మనిషి గొంతు లేదు. ఇంట్లో బట్టలెవరు బాదుతారని అప్పుడు తోచలేదు. మర్నాడు క్లాసులో అది ఎడమచేత్తో రాస్తోంది. అడిగితే వెనక్కి తిరిగి కూర్చుంది. విరామంలో బడి వెనక గట్టు మీదకు నన్ను లాక్కెళ్ళి జాకెట్ చెయ్యి పైకి జరిపింది. ఏం చూశానో రాయను. "బెల్టు" అంది, అంతే. అన్నంలో ఉప్పు ఎక్కువైనా, కిటికీ దగ్గర నిలబడినా, ఏమీ చెయ్యకపోయినా అదే. కొట్టాక సామాన్ల గదిలో పెట్టి గొళ్ళెం వేస్తాడట. ఆ గది మా ఇంట్లోనూ ఉంది, అందులో ఉల్లిపాయలు పోసేవాళ్ళం. ఒక మనిషి కాళ్ళు చాపుకోవడానికి చాలదు.

"మరి అరవలేదేటే? గోడవతలే ఉన్నాను కదా, అరిస్తే వచ్చేదాన్ని కదా!" అన్నాను.

అది నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "తువ్వాలు కట్టుంది కదే" అంది.

నా జీవితంలో చాలా మాటలు విన్నాను, ఈ మాటను మించి నన్ను కాల్చింది లేదు. దెబ్బలు తింటూ కూడా ఆ పిల్ల మా వీధి నియమం తప్పలేదు. అంత బుద్ధిమంతురాలిని చేశాం దాన్ని. ఆ తర్వాత నా చెయ్యి లాక్కుని తన తల మీద పెట్టుకుంది. "ఎవరికీ సెప్పకు పద్దూ. సెప్తే నన్ను సంపేత్తాడు. ఒట్టెయ్." నేను ఒట్టేశాను. పారిపొమ్మన్నాను, పెద్ద తెలివైనదానిలా. "ఎక్కడికే? కొండెక్కితే గని, దిగితే గేటు. రైలు టేసన్లో అందరూ నాన్నకి తెలిసినోళ్ళే" అంది.

ఆ ఒట్టు నన్ను దసరా సెలవుల ముందు దాకా పట్టుకుంది. తిండి సయించేది కాదు. తువ్వాలు కనబడితే వంటింట్లోంచి పెరట్లోకి పోయేదాన్ని, పెరట్లోనూ వినబడుతుందని వీధి చివర కుళాయి దాకా పోయేదాన్ని. సూర్యనారాయణ మావయ్య ఫస్ట్ షిఫ్టులో ఉన్న వారం కూడా, మూడున్నరకి బస్సు దిగిన కాసేపటికి గడియకు తువ్వాలు పడేది. ఫస్ట్ షిఫ్టు మనిషి మధ్యాహ్నం పడుకోవడమేమిటని ఎనిమిదిళ్ళలో ఒక్కరైనా అడగాలి కదా. "పాపం, డబల్ డ్యూటీ సేసుంటాడు" అనుకుని మా ఆడవాళ్ళు ఇంకా మెల్లిగా నడిచారు. ఒక్కరికీ అనుమానం రాలేదు. మర్యాద తెలిసిన వీధి మాది.

చివరికి ఒక పొద్దున అమ్మ జడ వేస్తుంటే ఏడుపు ఆగక మొత్తం చెప్పేశాను. అమ్మ దువ్వెన అలాగే జడలో వదిలేసి కూర్చుండిపోయింది. తర్వాత నాన్నకి చెప్పింది. మా నాన్న మంచివాడు. ఆయన మంచితనం మీద నాకు అనుమానం లేదు, అసలు ఆయన చేసిన పని ఎవరు చేసినా మంచి మనసుతోనే చేస్తారు. బస్సు దిగాక సూర్యనారాయణ మావయ్యని పక్కకి పిలిచి, భుజం మీద చెయ్యేసి మాట్లాడాడు. ఇంటికొచ్చి ఎంతో తేలికపడి చెప్పాడు మాకు. "నేనన్నాను, ఏటి సూర్నారాయణా, పిల్ల మీద సెయ్యి సేసుకుంటున్నావంట, మా పద్దు సెప్పింది, ఎదిగిన పిల్లని అలాగ కొట్టకూడదురా అని. పాపం కళ్ళ నీళ్ళెట్టుకున్నాడు. తల్లి లేని పిల్ల, ఏటైపోద్దోనని భయం అన్నా, అన్నాడు. ఇంక కొట్టడులే."

మా పద్దు సెప్పింది. ఆ మూడు మాటలు చాలు. ఆ మధ్యాహ్నం నుంచి మూడు రోజులు తువ్వాలు గడియ దిగలేదు. రత్నం బడికి రాలేదు. గోడకి చెవి పెడితే చప్పుడే లేదు, అది ఇంకా భయంగా ఉంది. అమ్మ మాత్రం "పిల్లకి జరవేమో" అంటూ కంచంలో అన్నం కెలికింది. ఆవిడకీ తెలుసు. గుమ్మం దాకా రెండుసార్లు వెళ్ళింది, తువ్వాలు చూసి వెనక్కి వచ్చింది. నేనూ అంతే. నాకూ ఆ తలుపుకీ మధ్య పది అడుగులు.

నాకు తట్టిన మనిషి సమ్మక్క. ఆస్పత్రిలో కట్లు కట్టే గదిలో ఆయా. భోపాలపట్నం రోడ్డులో మద్దేడు ఆవిడ ఊరు, అక్కడి తెలుగు వేరు. చేతుల నిండా పచ్చబొట్లు. మా తెలుగువాళ్ళకి ఆవిడ తెలుగంటే లోకువ, "ఏంది" అంటే చాలు కిసుక్కున నవ్వేవాళ్ళం, నేనైతే వీధిలో అనుకరించి చూపించి మెప్పు కూడా పొందాను. ఉత్తినే వెళ్తే లోపలికి రానివ్వరని గట్టు మీద రాయికి మోకాలు గీసుకుని వెళ్ళాను. టించరు వాసన, ఎనామిలు పళ్ళెంలో దూది. ఆవిడ నా మోకాలు చూసి, నన్ను చూసింది.

"ఏంది బిడ్డా, గిది పడ్డ దెబ్బ కాదు. నువ్వే గీసుకున్నవ్. ఎందుకో చెప్తవా? చెప్పకున్నా కట్టు కడత, భయపడకు."

అంతా చెప్పాను. ఆవిడ మధ్యలో ఆశ్చర్యపోలేదు, అయ్యో అనలేదు, నిజమేనా అని అడగలేదు. ఏ ఇల్లు, ఏ షిఫ్టు, ఇంట్లో ఇంకెవరున్నారు, అని మాత్రం అడిగింది. నాన్న సంగతి చెప్పి, నా వల్లే ఇలా అయిందని ఏడిస్తే, కట్టు ముడేస్తూ అంది: "నువ్వు చెప్పుడు మంచిగైంది. మీ నాయిన వానికి చెప్పుడే తప్పైంది, తెల్వక చేసిండు. గిప్పుడు ఇంకెవ్వరికి చెప్పకు. నేను డాక్టరమ్మకు చెప్త. నీ పేరు రాదు."

అప్పట్లో మా దగ్గర మలేరియా సర్వే అని ఒకటుండేది. గాజుబిళ్ళల పెట్టె పట్టుకుని ఇంటింటికీ వచ్చి, వేలికి సూది గుచ్చి రక్తం చుక్క తీసుకునేవారు. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందీ వేలు చాపాలి. మర్నాడు మోకాలి కట్టు వంకతో నేను బడి మానేశాను, పన్నెండింటికి సమ్మక్క ఆ పెట్టెతో మా వరసలోకి వచ్చింది. మొదటింటి నుంచి వరసగా చేసుకుంటూ, మా ఇంట్లో నా వేలు గుచ్చి, నా వైపు చూడకుండానే ఆరో ఇంటి గుమ్మం ఎక్కింది. తలుపు కొట్టింది. అమ్మ చేతిలో గరిటెతో గుమ్మంలోకి వచ్చి, "ఒలమ్మో, తువ్వాలుంది, కనబడ్డం లేదేటి ఈవిడకి!" అంది. ఎనిమిది గుమ్మాల్లోంచి ఆడవాళ్ళు తొంగిచూశారు. సమ్మక్క మళ్ళీ కొట్టింది, ఈసారి అరచేత్తో. మా వీధిలో అంత చప్పుడు నేనెన్నడూ వినలేదు.

ఆయన తలుపు సగం తీసి విరుచుకుపడ్డాడు. "నైటు డ్యూటీ సేసొచ్చి పడుకుంటే ఏటిది? బుద్ధుందా?"

"పండుకో అన్నా, ఎవరొద్దన్నరు? నీదొక చుక్క, బిడ్డదొక చుక్క. పిలువు."

"ఊరెల్లింది."

"బస్సుకు పోలే, రైలుకు పోలే. స్టేషన్ల అడిగే వచ్చిన. పిలువు అన్నా, సర్వే."

ఆయన వీధి వైపు చూశాడు. వీధంతా ఆయన్నే చూస్తోంది. తువ్వాలు కట్టిన తలుపు తెరిచి ఉండగా మేమందరం చూడడం అదే మొదటిసారి. లోపల గొళ్ళెం తీసిన చప్పుడైంది. రత్నం గోడ పట్టుకుని వచ్చింది. సమ్మక్క దాని వేలు గుచ్చి, చుక్క గాజు మీద పెట్టి, నుదురు మీద చెయ్యేసింది. "ఒళ్ళు కాలుతున్నది. దవాఖానకు తీస్కపోతున్న" అని చెప్పి ఆ చెయ్యి వదలకుండా గుమ్మం దింపేసింది. వీధి చివర ఆస్పత్రి వ్యాను ఆగి ఉంది, అందులో డాక్టరమ్మ కూర్చుని ఉంది. ఆయన రెండడుగులు వెంటపడ్డాడు గాని డాక్టరమ్మని చూసి ఆగిపోయాడు. రత్నానికి ఆ రోజు జ్వరం లేదని తర్వాత తెలిసింది.

వార్డులోకి ఒకసారి నన్ను తీసుకెళ్ళింది సమ్మక్క. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. రత్నం మంచం మీద ముడుచుకుని, ఎవరికీ చెప్పొద్దని బతిమాలుతోంది. సమ్మక్క మంచం మీద కూర్చోలేదు, కింద కూర్చుని తల పైకెత్తి మాట్లాడింది. "ఎవ్వరికి చెప్పనని మాటియ్య బిడ్డా. చెప్పాల్సినోళ్లకు చెప్త. కాని నీకు చెప్పకుంట ఏది చెయ్య. నీ తప్పు ఇసుమంత లేదు. గిప్పుడు చెప్పు, నీ పక్కన ఎవరుంటే నీకు ధైర్యం?" "విజీనగరం పిన్ని" అంది రత్నం. నేను లోపలికి వెళ్ళలేదు. ఒట్టు తప్పినదాన్ని, ఏ ముఖంతో వెళ్తాను? పిన్ని వచ్చి రైలెక్కించుకుని పోయిన రోజున కూడా స్టేషన్‌కి వెళ్ళలేదు. తలనొప్పని ముసుగు పెట్టాను.

డాక్టరమ్మ కాగితం రాసింది, పోలీసులొచ్చారు, విచారణ జరిగింది. సూర్యనారాయణ మావయ్య పక్కన కొన్నాళ్ళు బస్సులో ఎవరూ కూర్చోలేదు. తర్వాత కూర్చున్నారు. తర్వాత ఆయనకి బదిలీ అయింది. సమ్మక్క పేరు మాత్రం మా వీధిలో చెడిపోయింది. డ్యూటీ చేసొచ్చి పడుకున్న మనిషిని లేపిన ఆడదని, సర్వేకి వస్తే మొహం చిట్లించుకుని వేలు చాపేవారు. ఆవిడ అన్నీ గమనిస్తూనే వేళ్ళు గుచ్చుకుంటూ పోయేది. నేను ఆవిడ మాటను అనుకరించడం మానేశాను. అంతకు మించి ఆవిడకి నేను చేసింది లేదు.

ఇప్పుడు కాలం మారిందంటారు. కొంత నిజమే. పిల్లలు ఫోన్ చెయ్యడానికి ఒక నంబరుంది, బడి గోడ మీద రాసి ఉంటుంది, ఫోన్ చేస్తే వచ్చే మనుషులున్నారు. నా సర్వీసులో నాలుగుసార్లు ఆ నంబరుకి నేనే చేశాను. కొత్తగా వచ్చిన టీచర్లు మాత్రం ఇప్పటికీ మొదట మా నాన్న చేసిన పనే చేస్తారు. పిల్ల వచ్చి చెప్పగానే ఆ తండ్రినో బాబాయినో పిలిచి మంచిమాట చెప్పబోతారు. వాళ్ళని ఆపడానికి నేను అరిచిన అరుపులకి స్టాఫ్ రూములో నాకు గయ్యాళి అని పేరొచ్చింది. నన్ను "ఎవరికీ చెప్పకండి మేడమ్" అని అడిగిన ఏ పిల్లకీ నేను ఒట్టు వెయ్యలేదు. పక్కన నేల మీద కూర్చుని సమ్మక్క మాటలే హిందీలో చెప్పేదాన్ని.

రత్నం వచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసింది, కళ్ళజోడు, నవ్వు అదే. ఆటోలో కిరండూల్ వెళ్తుండగా యాభై ఏళ్ళుగా దాచుకున్నది కక్కేశాను. ఒట్టు తప్పానని, నా పేరు బయటపడి నీకు మూడు రోజులు నరకమైందని, స్టేషన్‌కి రాలేదని. అది ఆటోలోంచి కొండ చూస్తూ విని, "పిచ్చిదానా, నువ్వు సెప్పబట్టే కదే బతికున్నాను" అంది. తేలికపడబోయాను. అంతలోనే మళ్ళీ అంది: "ఒకటే బాద నాకు. ఆ మూడ్రోజులూ సామాన్ల గదిలో మీ వంటింటి చప్పుళ్ళు వినబడేవి. కుక్కరు, గిన్నెలు, మీ అమ్మ గాజులు. ఇప్పుడొత్తారు, ఇప్పుడు తలుపు కొడతారనుకునేదాన్ని. ఒక్కపాలైనా కొట్టలేదేటే పద్దూ?"  తువ్వాలుందని ఎలా చెప్పను?

మా వరస అలాగే ఉంది, గోడలు ఇంకొంచెం ఎర్రబడ్డాయి. మా ఇంటికి తాళం. ఆరో ఇంటి తలుపు ఇప్పుడు నీలం రంగు. గడియకు తువ్వాలు కట్టి ఉంది. ఇద్దరం రోడ్డు మీదే ఆగిపోయాం.  రత్నం మాత్రం నవ్వింది, "ఇంకా కడతన్నారేటి!" అంటూ. తర్వాత నవ్వు ఆపి, "కొట్టవే" అంది.

"ఎవరో పడుకునుంటారు, పద పోదాం" అన్నాను. అప్పటికే నా గొంతు గుసగుసలోకి దిగిపోయింది.

"కొట్టవే పద్దూ. మంచినీళ్ళడుగు."

గుమ్మం ఎక్కాను.  అరవై దాటినదాన్ని, ఎందరు పిల్లల తండ్రులనో నిలదీసినదాన్ని, ఒక తువ్వాలు ముందు ఆగిపోయాను. కొట్టాను. మళ్ళీ కొట్టాను, అరచేత్తో. ఒక చిన్న వయసు అమ్మాయి పెదాల మీద వేలు పెట్టుకుని తలుపు తీసి, రాత్రి డ్యూటీ, పడుకున్నారు ఆంటీ అని హిందీలో గొణిగింది. ఆమె వెనక నేల మీద ఏడెనిమిదేళ్ళ పాప బోర్లా పడుకుని బొమ్మకి రంగులేస్తోంది. నీళ్ళడిగాను. పాపే లేచి, చెంబు తొణక్కుండా రెండు చేతులతో పట్టుకుని తెచ్చింది. రత్నం చెంబు అందుకుంటూ దాని చేతులు చూసింది, నేనూ చూశాను. దోమకాట్లు తప్ప ఏమీ లేవు. పేరడిగితే గట్టిగా చెప్పింది, వాళ్ళమ్మ ఉష్ అన్నా వినకుండా. ఆ గోలకి లోపల్నుంచి ఒక కుర్రాడు బనీనుతో కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. పాప పరుగెత్తి అతని కాళ్ళకి చుట్టుకుంది. ఎవరండీ, ఏం కావాలి అన్నాడు, విసుగ్గానే.

"ఏం లేదు బాబూ, నిద్ర చెడగొట్టాం, ఏమనుకోకు" అన్నాను. ఆ గుమ్మంలో నిలబడి ఆ మాట అనడానికి నాకు యాభై ఏళ్ళు పట్టింది.